గోడ లేని నడక

ఒక మనిషి నడక ఎవరిది? నడిచేవారిదా, చూసి గీసినవారిదా, కొనుక్కున్నవారిదా? మా స్టూడియో ఒక పెద్ద స్టూడియోలో కలిసిపోయిన నాటినుంచి ఈ ప్రశ్న నన్ను వదలలేదు. జవాబు దొరకకపోవడం కన్నా, ఆ జవాబుతో ఎవరికీ పని లేకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

మాది చిన్న యానిమేషన్ స్టూడియో. ఏ పాత్రనైనా గీసే ముందు ఆ పాత్రలా వరండాలో నడిచి చూపించాలి. అది ఎలాంటి మనిషో చూసేవాళ్లకు తెలిసేదాకా పెన్సిలు ముట్టకూడదు.

"అవ్వ నడకేనా అది? పోలీసుల్ని చూసి జారుకుంటున్నట్టుంది!" అని రంగులు వేసే ఆయన ఒకసారి నన్నే ఆటపట్టించాడు.

మాలో అందరికన్నా నిదానంగా గీసే అమ్మాయిని తాబేలు అనేవాళ్లం. ఆమె వాళ్లమ్మలా నడిచిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. ఆ తల్లికి మోకాళ్ల నొప్పి. ఎవరైనా చూస్తున్నారనిపిస్తే ఆగి, దుమ్ము ఉందేమో చూస్తున్నట్టు గోడను వేళ్లతో తుడుస్తుంది. నిజానికి అది ఊతం. ఆ నడకే మా సినిమాలోని అవ్వకు ప్రాణం పోసింది.

విలీనం తరువాత కొత్త యాజమాన్యం ఆ నడకను మెచ్చుకుంది. మెచ్చుకున్నందుకే అది పోయింది. ఏ బొమ్మకైనా తొడిగేలా నడకలను దాచిపెట్టే భాండాగారం ఒకటి వారికి ఉంది. అందులో చేర్చి, 'ముసలి ఆడవారు' అని పేరు పెట్టారు.

ఈ ఉదయం కొత్త మేనేజరు తెరమీద ఒక దృశ్యం చూపించాడు. విశాలమైన మైదానం, గుంపుగా అవ్వలు, అందరికీ అదే నడక. అందరూ ఒక్కసారే ఆగి, లేని గోడను తుడిచారు.

"అందరూ కిటికీలు తుడుస్తున్నారేంటి సార్?" అని నవ్వాడు. "ఆ చెయ్యి తీసేయండి. కుంటడం మాత్రం ఉండనివ్వండి, ముసలివాళ్లని తెలియాలిగా. సాయంత్రానికి మీరు ఓకే చేసేస్తే చాలు."

"ఒక్కసారి మీరు నడిచి చూడండి," అన్నాను.

"నడక రెడీగా ఉంది కదండీ, మళ్లీ నడవడమెందుకు?"

అతను చెడ్డవాడు కాడు. అందుకే వాదించడానికి నాకు చోటు దొరకలేదు.

విషయం తెలిసి తాబేలు నా కుర్చీ పక్కన వచ్చి నిలబడింది.

"చెయ్యి తీసేస్తే ఏం మిగుల్తుందన్నా? మా అమ్మ ఇన్నేళ్లూ దాచుకున్నదే మిగుల్తుంది."

"నేను కాదంటే ఇంకొకరు చేస్తారమ్మా."

"గోడ పెట్టమని అడగలేకపోయావా?"

"అతను వెళ్లేముందు అడిగాను. మైదానంలో గోడేంటన్నాడు."

"అదీ నిజమే," అని నవ్వబోయి ఆగింది. "'నా నడక సినిమాలో బావుందటగా, ఎప్పుడు చూపిస్తావే' అని అడుగుతోంది అమ్మ. ఏం చెప్పను?"

మంచి పనిని నిలబెట్టడం నా చేతుల్లో లేదు. మరుగు లేకుండా బయటపడ్డ నొప్పి ఎంత నిజమైనా, పదిమంది ముందు పెడితే అది అవమానమే. దానికన్నా శూన్యం మేలనుకోవడం ఓటమి. ఓటమేనని తెలిసే ఒప్పుకున్నాను.

"కుంటడం కూడా తీసేస్తాను. అప్పుడిక అది ఎవరి నడకా కాదు."

"ముసలివాళ్లలా లేరంటాడేమో?"

"తెల్లజుట్టుందిగా, సరిపోతుందంటాడు."

ఆమె తెరవైపు తిరిగింది. "తీసెయ్యన్నా," అంది.

ఫైలు తెరిచాను. ముందు చేతిని కిందికి దించాను. తరువాత ఎడమ మోకాలిని సరిచేశాను. ఆపైన కుడిదాన్ని.