చీలమండ దగ్గర బిగింపు

విన్నిపెగ్‌లో మా పేట ఐస్ రింకుకు వచ్చే తల్లుల్లో, స్కేటింగ్ బూట్ల లేసులు నాలా కట్టేవాళ్లు లేరని నాకు మహా పొగరు. ఉండదా మరి? కాలివేళ్ల దగ్గర కాస్త వదులు, చీలమండ వంగేచోట గట్టి బిగింపు, పైన పిక్క దగ్గర వేలు దూరేంత సందు. మా రిషితకు మొదటినుంచీ నేనే కట్టాను. మా ఆయన ఒకసారి చెయ్యి పెట్టబోతే, "మీరెళ్లి కారు వేడి చేసుకోండి, చాలు" అన్నాను.

నిరుడు నా చేతులకు కీళ్లవాతం వచ్చింది. బయట ఎవరికీ చెప్పలేదు. చెబితే పాపం పాపం అంటూ సాంబారు గిన్నెలతో దిగిపోతారు. జాలి చూపులంటే నాకు ఒళ్లుమంట.

ఈ చలికాలమంతా రిషిత పడుతూనే ఉంది. తిరగబోయి పడడం, ఆగబోయి పడడం. తొమ్మిదేళ్ల పిల్లకు మోకాళ్లనిండా కమిలిన మచ్చలు. నేను ఊరుకున్నానా? "ధ్యాస ఎక్కడ పెట్టావే? నీకన్నా చిన్నవాళ్లు చూడు, ఎలా తిరుగుతున్నారో!" అని ఇల్లు చేరేదాకా తిట్టేదాన్ని. "సారీ, అమ్మా" అనేది.

పోయిన శనివారం క్లాసయ్యాక దాన్ని బెంచీమీద కూర్చోబెట్టి, లేసు విప్పుదామని మడమ పట్టుకున్నాను. బూటు ఊడి చేతిలోకి వచ్చేసింది. ముడి మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

"ఇంత వదులుగా ఉంటే చెప్పవేమే?"

"ఇట్స్ ఓకే, అమ్మా."

"ఓకే ఏమిటే నీ మొహం! కాలు విరిగేది!"

అది నా వేళ్లవంక చూసింది. "లాగేటప్పుడు యూ మేక్ దట్ ఫేస్. ఇట్ హర్ట్స్ యూ."

అందరిముందూ వెధవ ఏడుపు తన్నుకొచ్చింది.

ఈ శనివారం పక్క బెంచీ దగ్గర కొడుక్కి లేసులు కడుతున్న నిఖిల దగ్గరికి వెళ్లాను. ఆమె కట్టే తీరును ఎన్నిసార్లు వెక్కిరించానో! "నిఖిలా, నా వేళ్లు పనిచేయడం లేదమ్మా. దీనికి కాస్త కట్టిపెడతావా?"

"అయ్యో, ముందే చెప్పొచ్చు కదక్కా!" అంటూ ఆమె మోకాళ్లమీద కూర్చుంది.

రిషిత కాలు వెనక్కి లాక్కుంది. "నో! అమ్మే కట్టాలి."

"నోరు మూసుకుని కాలివ్వు" అన్నాను.

కట్టించుకుని మంచుమీదికి వెళ్లింది. ఒక చుట్టు తిరిగి వేగం అందుకుంది. నడిమధ్యకు వచ్చి ఒంటికాలిమీద గిర్రున తిరిగి, తూలకుండా ఆగింది. కోచ్ చప్పట్లు కొట్టింది. నా బిడ్డ మొహంలో అంత సంతోషం చూసి ఎన్నాళ్లయిందో.

అప్పుడు బెంచీమీద ఉన్న నన్ను చూసింది. నవ్వు ఆపేసింది. నిలుచున్నచోటే, మెల్లిగా, కావాలని మంచుమీద కూలబడింది.

"సీ, అమ్మా?" అని అక్కడినుంచే అరిచింది. "ఆంటీకి రాదు! నువ్వే బాగా కడతావ్!"