హీరాలాల్ కోటు

బాన్సువాడలో విజయశ్రీ కుట్టుకు మంచి పేరుంది. ఎంత కష్టమైన పనయినా కాదనే అలవాటు లేదామెకు. ఆ రోజూ కాదనలేదు.

తండా నుంచి వచ్చిన రేఖ సంచిలోంచి వాళ్ల నాన్న హీరాలాల్ మిలిటరీ కోటు తీసింది. ఆయన పోయి రెండేళ్లయింది. ఫోన్లో ఒక కొత్త ఫ్యాషన్ కోటు ఫోటో చూపించి, "గిట్ల కావాలె అక్కా. భుజాలకు పట్టీలు, రెండు వరుసల గుండీలు. సోమారం హైదరాబాద్‌ల బట్టల షోరూంల ఇంటర్వ్యూ ఉంది," అంది.

"మీ అమ్మకు తెలుసా?"

"చెప్త."

చెప్పిందో లేదో విజయశ్రీ మళ్లీ అడగలేదు. అంత దళసరి ఉన్ని బట్ట మీద కత్తెర ఆడించే అవకాశం ఎప్పుడోగాని రాదు. జానెడు పొడవు తగ్గించింది, నడుము దగ్గర లోపలికి పట్టింది. ఎడమవైపు లోపలి జేబు ఒకటి అడ్డొచ్చింది. ఎర్ర దారంతో, చిన్న చిన్న అద్దాలు పొదిగి, తండా ఆడవాళ్లు కుట్టే కుట్టు. ఒక్క క్షణం చేయి ఆగింది. కానీ అది ఉంటే ఛాతీ దగ్గర ఎత్తుగా వస్తోంది. విప్పి ముక్కల సంచిలో పడేసింది.

ఆదివారం రేఖ కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడితే విజయశ్రీకే ముచ్చటేసింది.

"లోపల సాదా నల్ల కుర్తా, కింద సన్న ప్యాంటు వేసుకో. పైగుండీ పెట్టకు. కోటే నిండుగా ఉంది, జుంకాలూ గొలుసులూ వద్దు," అని చెప్పి పంపింది.

మంగళవారం రేఖ తల్లి సోమ్లి వచ్చి గడప దగ్గరే నిలబడింది.

"అక్కా, కోసిన ముక్కలున్నయా? పెట్టె తీస్తె కోటు లేదు. ఫోన్ జేస్తె పిల్ల చెప్పింది. కోటు దానికే ఉండనీ. లోపలి జేబు ఒక్కటి ఇయ్యి. పెండ్లయిన కొత్తల ఆయన డ్యూటీకి వోతుంటె నేను కుట్టిన."

ముక్కల సంచిని ముందురోజే పక్కనున్న ట్రాక్టర్ మెకానిక్ ఆయిల్ తుడుచుకోవడానికి పట్టుకెళ్లాడు. విజయశ్రీ పరుగున వెళ్లి అతని డబ్బాలోని గుడ్డలన్నీ తిరగేసింది. ఆయిల్లో నానిన గుడ్డలు అన్నీ ఒకేలా నల్లగా ఉన్నాయి. "కొన్ని నిన్ననే కాలవెట్టినమక్కా," అన్నాడతను.

మసి చేతులతో తిరిగొచ్చింది. "తప్పు నాదే సోమ్లీ. నీ చేతి కుట్టేనని అనిపించింది కూడా. అడగకుండా కోశాను. అలాంటిదే మళ్లీ కుట్టిస్తాను."

"నువ్వు నాకన్న మంచిగనే కుడ్తవు," అంది సోమ్లి. "గని కొత్తదాంట్ల ఆయన చెయ్యి పెట్టలేదు గద."

మళ్లీ తనే, "పిల్ల ఫోటో ఉందా?" అని అడిగింది. షోరూం మెట్ల మీద నిలబడి రేఖ దిగి పంపిన ఫోటోను విజయశ్రీ చూపించింది. సోమ్లి ఫోన్ చేతిలోకి తీసుకుని భుజాల పట్టీలు చూసింది, గుండీలు చూసింది.

"కొలువు వచ్చిందట. మంచిగ కుట్టినవక్కా," అని ఫోన్ ఇచ్చేసి, కొంగు సర్దుకుని బస్టాండు వైపు నడిచింది.

వెనక్కి పిలవాలనుకుంది విజయశ్రీ. కానీ సోమ్లి మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడిపోయింది.