తకెజో నల్లమట్టి

నల్లమట్టి సంచులు మూడూ కలిపి ఆరబెట్టాలి. మెత్తగా నూరి ఒక గ్రాము తూచాలి. దుమ్ములాంటి గాజుపూసలు మూడు లక్షలు కలపాలి. కొలిమిలో పెట్టి కాల్చాలి. నీళ్ళలో తేర్చి సన్న మడ్డి పారబోయాలి. పలక మీద పరిచి లెక్కపెట్టాలి. శుక్రవారం సాయంత్రంలోపు రోడ్డు ఆఫీసుకు సంఖ్య చెప్పాలి. ఫుజినో మామ్మకు ఫోన్ చేయాలి.

గురువారం మధ్యాహ్నానికి జాబితాలో ఆఖరి రెండూ తప్ప అన్నీ కొట్టేసింది సనాయె.

సనాయె ఊళ్ళో తవ్వకాల కార్యాలయంలో మట్టి పరీక్షలు చేస్తుంది. వాళ్ళింట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే. గడ్డిజాతి మొక్కలు నీళ్ళతోపాటు ఇసుక సారం కూడా తాగుతాయి. అది ఆకుల్లో గాజులా గట్టిపడుతుంది. ఆకు కుళ్ళినా ఆ గాజు మట్టిలో ఉండిపోతుంది. వెదురుది ఒక తీరు, రెల్లుది ఒక తీరు. వరిది మాత్రం కంటికి ఆనని చిన్న విసనకర్ర. కలిపిన పూసలెన్నో తెలుసు కాబట్టి, పూసల పక్కన విసనకర్రలెన్ని ఉన్నాయో చూసి గ్రాముకు లెక్క కడతారు. అయిదు వేలు దాటితే అక్కడ ఒకప్పుడు వరిమడి ఉన్నట్టే.

ఆరువేల రెండువందలు వచ్చింది.

సనాయె ఎగిరి గంతెయ్యాలి. కానీ కుర్చీలోంచి కదల్లేదు. పలక మీద కొన్ని విసనకర్రలు ఆకులో ఉన్నప్పటిలాగే ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉన్నాయి. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. వందల ఏళ్ళు బురదలో నలిగినవి అలా చేతులు పట్టుకుని ఉండవు. ఇది ఈ ఏటి గడ్డి.

ఎక్కణ్ణుంచి వచ్చింది?

"ఏమ్మా, మా ముసలాయన గెలిచాడా?" అంటూ ఫుజినో తలుపు తోసుకుని వచ్చింది. చేతిలో ఎండు పెర్సిమన్ పళ్ళ దండ. డెబ్బై ఎనిమిదేళ్ళు. తవ్వకంలో కూలికి వచ్చే ఆడవాళ్ళలో అందరికన్నా పెద్దది, అందరికన్నా పెద్ద నోరు కూడా ఆమెదే.

ఆ పొలం ఆమెదే. నలభై ఏళ్ళ కిందట ఆమె భర్త తకెజో అక్కడ బావి తవ్వుతుంటే, ఎప్పుడో అగ్నికొండ కక్కిన పచ్చరాళ్ళ పొర కింద నల్లమట్టి తగిలింది. చేత్తో పిసికి చూసి, "ఇక్కడ ఎవరో నాట్లేశారు" అన్నాడు. ఊరంతా నవ్వింది. ఆనాటి నుంచి చచ్చిపోయేదాకా అతని పేరు బురద తకెజో. రోడ్డుకు పొలం ఇచ్చేటప్పుడు ఫుజినో ఒక్కటే అడిగింది: ఆ నల్లమట్టి చూసి చెప్పమని. సంఖ్య వస్తే పక్కనున్న పొలం చెక్క కూడా తవ్వుతారు. రాకపోతే సోమవారం మట్టి పోసి పూడ్చేస్తారు.

"మామ్మా, ఫోటో తీసిన రోజు తవ్విన గుంట గోడ దేనితో తుడిచారు?"

"ఇంకేముంది, చీపురుతో. ఆఫీసు బ్రష్షులతో దుమ్ము పోదు, ముఖం మీద పడుతుంది. కొత్త వరిగడ్డితో నేనే కట్టుకొచ్చా. ఎలా ఉంది గోడ? అద్దం కాదూ?"

అద్దమే. పొర పొర విడిగా కనబడేలా ఫుజినో పొద్దున్నించీ మోకాళ్ళ మీద కూర్చుని తుడిచింది. మట్టి తీసేముందు గోడను రెండు వేళ్ళ మందం గీకి పారేయాలి. సనాయె ఎప్పుడూ గీకుతుంది. ఆ రోజు ఫుజినో నడుం పట్టుకుని లేస్తూ, "ఇక తీసుకో తల్లీ" అంటే, ఆవిడ కళ్ళముందే ఆ పనిని గీకి పారేయడానికి చెయ్యి రాలేదు. పైపైన కోసి సంచుల్లో వేసుకుంది. రెండు రోజులకు వానకు గోడ కూలింది, మళ్ళీ తీయడానికి లేదు.

"నేను గీకలేదు మామ్మా. తప్పు నాది."

"ఎందుకు గీకలేదు?"

"మీరు పొద్దున్నించీ మోకాళ్ళ మీదే ఉన్నారు." ఫుజినో ఆమె వంకా మైక్రోస్కోపు వంకా చూసింది.

"చీపురేనా?"

"చీపురే. ఆ గడ్డి ఇందులో కలిసింది."

"పిచ్చిమొహమా! గోడ కన్నా నా మోకాళ్ళు ఎక్కువయ్యాయా నీకు?" గొంతు పెద్దదే గానీ అందులో బలం లేదు. "పోనీ, ఏరెయ్యి. బియ్యంలో రాళ్ళు ఏరమా?"

"అతుక్కున్నవైతే తెలుస్తాయి. విడిపోయినవే తెలియవు."

ఫుజినో కళ్ళజోడు నుదుటికెత్తి, కన్ను ఆనించి చూసింది. చాలాసేపు చూసింది.

"విసనకర్రే. మధ్యలో ఒక్కటే ఉందే, ఇది మా ఆయనదా, నా చీపురుదా?"

"తెలియదు మామ్మా."

తవ్వకాల అధికారి ఇవాకిరి రోడ్డు ఆఫీసుకు ఫోన్ చేశాడు. మంచివాడు; ఫోనులో కూడా నడుం వంచి మాట్లాడతాడు. "అరపూట ఇవ్వండి చాలు. పక్క చెక్కలో గొట్టం దింపి గుప్పెడు మట్టి తెచ్చుకుంటాం." అవతలివాళ్ళు ఏమన్నారో గానీ, "అవును, సంఖ్య కోసమే... అవును, సంఖ్య ఉంటేనే పక్క చెక్క తెరుస్తారు, అర్థమైంది" అని మూడుసార్లు వంగి పెట్టేశాడు.

"ఆరువేల రెండువందలని రాసేస్తే?" అంది ఫుజినో మెల్లగా. తనే మళ్ళీ, "వద్దులే. చీపురును తవ్వించినట్టుంటుంది. ఆయనకు అదీ నచ్చదు" అంది.

సనాయె అయినా ఆ సాయంత్రం కలం పట్టుకుని కూర్చుంది. ఆ సంఖ్య అబద్ధం కాదు, లెక్కపెట్టిందే. అతుక్కున్నవి తీసేస్తే నాలుగువేల తొమ్మిదివందలు. అది కూడా నిజం కాదు. ఉన్న సంచులన్నీ కలిపి నూరేసింది, వెనక్కి విడదీయడానికి మిగిలిందేమీ లేదు. శుక్రవారం నాలుగింటికి ఒక్క వాక్యం పంపింది: నమూనాలో నేటి గడ్డి కలిసినందున, వరిమడి ఉన్నదీ లేనిదీ చెప్పలేము, పొరపాటు పరీక్షకురాలిది.

సోమవారం పొద్దున ఇద్దరూ తాడు బయట నిలబడ్డారు. లారీలు వెనక్కి వచ్చి ఎర్రమట్టి పోసి పోతున్నాయి. పక్క చెక్క మీద పోతున్నప్పుడు సనాయె నడుం వంచి క్షమాపణ చెప్పబోతే, ఫుజినో ఆమె భుజం పట్టి నిటారుగా నిలబెట్టింది. మూడో లారీ వెళ్ళేదాకా ఉండి, పెర్సిమన్లకు వాన తగులుతుందని ఇంటికి వెళ్ళిపోయింది.

తకెజో చెప్పింది నిజమో కాదో ఇక ఎవరికీ తెలియదు. నివేదికలో అతని పేరు లేదు. అందుకే చదివినవాళ్ళను ఇంతే అడగడం: మీ ఊళ్ళో ఎవరైనా మట్టి చేతిలోకి తీసుకుని పిసికి చూస్తుంటే, ఒక్కసారి తకెజోను తలుచుకోండి. బురద తకెజో అని కాదు, హిదాకా తకెజో అని.