ఉపసంహరించుకున్న బిల్లు

ఏ ఎమ్మెల్యే ఎంత పనిమంతుడో అంకెల్లో తేల్చి చెప్పాలని సంయుక్త రెండేళ్ళుగా కంకణం కట్టుకుని కూర్చుంది. ఆమె పనిచేసే పరిశోధన సంస్థ రాయదుర్గంలో ఒక టవర్ తొమ్మిదో అంతస్తులో ఉంది. కిందా పైనా అన్నీ సాఫ్ట్‌వేర్ కంపెనీలే. లిఫ్టులో ఎవరైనా మీరేం చేస్తారని అడిగితే రాజనీతి శాస్త్రం అని చెప్పి, వాళ్ళ మొహాలు చూసి లోలోపల నవ్వుకునేది.

లెక్క సులువుగానే పెట్టుకుంది. సభ్యుడు బిల్లు పెడితే ఒక మార్కు, చర్చకొస్తే మూడు, చట్టమైతే పది. పేపర్లో పేరు కోసం బిల్లు పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకునే ఘనులకు మార్కులెందుకని, అలాంటివాటిని అసలు పెట్టనట్టే జమకట్టింది. ఉమ్మడి రాష్ట్రం నాటి పాత సభ్యులందరికీ వాళ్ళ వాళ్ళ మార్కులు ఉత్తరాల్లో పంపి, అభ్యంతరాలుంటే చెప్పమంది. చాలామంది పట్టించుకోలేదు. పట్టిక విడుదలకు ముందురోజు పొద్దున్నే ఒక పెద్దాయన మాత్రం చేతిసంచితో స్వయంగా వచ్చాడు.

"దానియేలు అంటే నేనే బిడ్డా. సున్నా ఇచ్చిన్రు కదా మీరు."

డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి. బడిపంతులు ఉద్యోగం వదిలి ఒకే ఒక్కసారి గెలిచినవాడు. సంయుక్తకు ప్రాణం చివుక్కుమంది. కూర్చోబెట్టి కాఫీ తెప్పించింది.

"ఇల్లు కట్టే కాడ కూలోళ్ళ పిల్లలు సిమెంటు తడుపనీకి నింపిన గుంతల నీళ్ళు తాగేటోళ్ళు. చూసి తట్టుకోలేకపోయిన. పెద్ద కట్టడం ఏది కట్టినా మంచినీళ్ళు, పాయిఖానా ఉండాల్నని తొంభై ఎనిమిదిల బిల్లు పెట్టిన" అన్నాడు. "మంత్రి లేచి, మేమే చట్టం తెస్తం, సభ్యుడు దయచేసి వాపస్ తీసుకోవాలె అన్నడు. మస్తు మర్యాదగ అడిగిండు. తీసుకున్న. అందరు బల్లలు చరిచిన్రు."

"వాళ్ళు తెచ్చారాండి?"

"తేలే. నేను మళ్ళ గెలవలే."

అది మన సభల్లో ఆనవాయితీ. మంత్రి కాని సభ్యుడు బిల్లు పెడతాడు, మంత్రి హామీ ఇస్తాడు, సభ్యుడు ధన్యవాదాలు చెప్పి ఉపసంహరించుకుంటాడు. మొండికేస్తే ఓటింగు, ఓటింగైతే ఓటమి. ఇదంతా సంయుక్త విద్యార్థులకు పాఠంగా చెప్పిందే. చెప్పిన ముక్క తన లెక్కలోకి రానివ్వలేదు, అంతే.

"కొట్లాడనీకి రాలే బిడ్డా. అయిదేండ్లు ఆ ఒక్కదాని ఎంబడే తిరిగిన. అది మొత్తానికే ఉత్తదయిందా? నీకు తెలుస్తదేమోనని వచ్చిన. సున్నా చూసి బాధైంది, అబద్ధమెందుకు" అని, సంచిలోంచి పసుపు పచ్చబడిన ఆ బిల్లు కాగితాల కట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

సంయుక్తకు ఇంకో పరిశోధన కూడా ఉంది. ఒక రాష్ట్రంలో పుట్టిన చట్టం మరో రాష్ట్రానికి ఎలా పాకుతుందో చూడటం. చట్టాల్లోని వాక్యాలు పక్కపక్కన పెట్టి పోలికలు పట్టే ప్రోగ్రామ్ ఆమె దగ్గరుంది. దానికి ఇంతవరకు చట్టాలనే మేపింది. చట్టానికి తల్లి మరో చట్టమే అయి ఉంటుందని ఆమె నమ్మకం. ఆయన్ని క్యాబ్ ఎక్కించి పుప్పాలగూడలో ఆయన ఇంటికి పంపించి, బిల్లు మొత్తం తానే టైపు చేసి ప్రోగ్రామ్‌కి ఇచ్చింది.

భోజనం వేళకి మూడు రాష్ట్రాల చట్టాలు బయటికొచ్చాయి. దానియేలు బిల్లులోని ఆరో సెక్షన్ మూడింట్లోనూ అక్షరం పొల్లుపోలేదు. నల్లాల్లో ఒకటి నేలకు రెండున్నర అడుగుల ఎత్తులోనే ఉండాలట, పిల్లలకు అందేలా. ఆ కొలత మొదట చట్టం చేసిన రాష్ట్రం వాళ్ళ సొంత ఆలోచన అని మెచ్చుకుంటూ సంయుక్త ఒక వ్యాసం కూడా రాసి ఉంది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

డైరెక్టర్ పార్థసారథి గదిలోకి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఇలా వెనక్కి తీసుకున్నవి ఇంకెన్ని ఉన్నాయమ్మా?"

"నూట పన్నెండండి. అవన్నీ చూడకుండా పట్టిక ఇస్తే తప్పే ఇచ్చినట్టవుతుంది."

"రేపటికి హాలు మాట్లాడేశాం. పత్రికలవాళ్ళకి కబురెళ్ళిపోయింది. రెండేళ్ళ పని కదమ్మా, కింద చిన్న గమనిక రాసేస్తే సరిపోదూ?"

"గమనిక ఎవరూ చదవరండి. సున్నా అందరూ చదువుతారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "సరే, ఆపేయండి. ఫోన్లు మాత్రం మీరే చేసుకోండి, చీవాట్లు తినే ఓపిక నాకు లేదు" అన్నాడు. సాయంత్రం దాకా ఆ చీవాట్లు సంయుక్తే తింది. విచిత్రంగా మనసు తేలికపడింది.

అయిదింటికి పుప్పాలగూడ వెళ్ళింది. దానియేలు బాల్కనీలో ఉన్నాడు. మూడు చట్టాల ప్రతులు ఇచ్చి, కలిసిన చోటల్లా గీత గీసి చూపించింది. మన అసెంబ్లీ లైబ్రరీ నుంచి ఎవరో తెప్పించుకుని ఉంటారనీ, పేరు మాత్రం ఎక్కడా వేయలేదనీ చెప్పింది. ఆయన పేరు సంగతి అడగలేదు.

"మొదలుగాల ఏ సంవత్సరంల అయింది?"

"రెండువేల పదకొండండి. జూలైలో."

ఆయన కాగితం కింద పెట్టాడు.

"ఆ దినం అసెంబ్లీ నుంచి ఇంటికొచ్చినంక నా భార్య దీనమ్మ ఏమైందని అడిగింది. వాపస్ తీసుకున్ననని చెప్పనీకి నోరు రాలే. పాసైందన్న" అన్నాడు. "ఆమె ఆదివారం చర్చిల లేచి నిలబడి సాక్ష్యం చెప్పింది. దేవుడు నా పెనిమిటి చేత చట్టం చేయించిండు, కూలోళ్ళ పిల్లలకు నీళ్ళొస్తయి అని. అందరి ముంగట. ఆమె సాక్ష్యం నేనెట్ల కొట్టేద్దును? ఆ తర్వాత ఏటా చెప్పింది."

సంయుక్త గీతలు గీసిన పెన్ను మూసి పక్కన పెట్టింది.

"రెండువేల పదమూడుల పోయింది" అన్నాడు దానియేలు. కాగితం మళ్ళీ తీసుకుని తేదీ మీద వేలు పెట్టాడు. "అయితే ఆఖరి రెండేండ్లు ఆమె చెప్పింది నిజమే కదా బిడ్డా? మన రాష్ట్రం కాకున్నా?"

"నిజమేనండి" అంది సంయుక్త. ఆయన తల ఊపి, ఆ పేజీ ఒక్కటీ తన దగ్గర ఉంచుకోవచ్చా అని అడిగాడు.