ఓడీల్ ఇల్లు పొంగిన వసంతం

పొద్దున ఏడింటికి ఓడీల్ కాఫీ, వెన్న రాసి చాక్లెట్ పొడి చల్లిన రొట్టె పట్టుకుని పదమూడు మెట్లెక్కుతాడు. ఏడున్నరకి అదే పళ్ళెం సగం రొట్టెతో పట్టుకుని పదమూడు మెట్లు దిగుతాడు. ఆ మిగిలిన సగాన్ని మెట్ల మీదే తినేస్తాడు. జనవరి నుంచీ ఇదే వరస. ఆ ఇంట్లో భార్య లుట్‌గార్ట్ చిక్కిపోయింది, ఓడీల్ చొక్కా గుండీలు తెగిపోయాయి.

మంచు మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది లుట్‌గార్ట్. ఎముక చక్కగా అతికిందని డాక్టరు అన్నాడు. లుట్‌గార్ట్ మాత్రం ఒప్పుకోలేదు. ఏప్రిల్ వచ్చినా మంచం దిగలేదు. రోజూ పదింటికి సైకిల్ మీద వచ్చి ఆమె కాళ్ళకి కసరత్తు చేయించే అన్నెలేన్, ఒకరోజు వంటింట్లో ఓడీల్‌ని పక్కకి పిలిచింది.

"కండ కరిగిపోతోందండీ. ఈ నెలలో లేచి నిలబడకపోతే ఇక ఎప్పటికీ నిలబడరు."

ఓడీల్ పైకెళ్ళి ఆ మాటే కాస్త తీపి చేసి చెప్పాడు.

"నిలబడి ఏం చూడమంటావు? గొర్రెల్నా?" అంది లుట్‌గార్ట్.

కిటికీ నిండా గడ్డే. స్కెల్డ్ నదికి కట్టిన కరకట్ట అది. రీట్‌డైక్ ఊరంతా ఆ కట్ట కింద ఒదిగి ఉంటుంది. నది ఎక్కడో పైన పోతుంది. లుట్‌గార్ట్ సరుకు పడవలో పుట్టిన మనిషి. పెళ్ళయ్యేదాకా కదలని ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోలేదు. ఇప్పుడు రోజంతా కట్ట అవతల ఇంజన్ల చప్పుడు వింటూ, గోడవైపు తిరిగి పడుకుంటుంది.

"నీకేం కావాలో చెప్పు, తెస్తా."

"మా నాన్న తాగేవాడే, బంగారు రంగు గట్టి బీరు, ట్రిపెల్. ఒక గ్లాసు తాగితే మర్నాటిదాకా పాటలు పాడేవాడు. అలాంటిది నీ చేత్తో చెయ్యి. తాగి బతికితే లేస్తా."

ఎగతాళికే అంది. ఓడీల్‌కి ఎగతాళి ఎప్పుడూ ఒక రోజు ఆలస్యంగా అర్థమవుతుంది. మర్నాటికల్లా మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, అదే మాల్టు, ఒక బస్తా కొనేశాడు.

ఆంట్వెర్ప్‌లో ముప్పైయొక్క ఏళ్ళు ట్రాము నడిపాడతను. పట్టాలు ఎటు తీసుకెళితే అటు వెళ్ళడం తప్ప తనకి వేరే విద్య రాదని తనే చెప్పుకుంటాడు. అయితే బీరు విషయంలో ఒక ధీమా ఉంది. నలభై ఏళ్ళుగా తాగుతున్నవాడికి చేయడం రాకపోతుందా? ఈ లెక్కన రొట్టె తిన్న ప్రతివాడూ రొట్టెలు కాల్చాలి కదా అన్న అనుమానం మాత్రం అతనికి రాలేదు.

మాల్టు ఉడకబెట్టిన నీళ్ళు పొంగి పొయ్యి ఆరిపోయింది. చేదు కోసం వేసిన హాప్స్ పూలు వడకట్టడానికి జల్లెడ లేక లుట్‌గార్ట్ పెళ్ళినాటి కర్టెన్ వాడాడు. మరిగిన గంగాళాన్ని చల్లార్చడానికి స్నానాల తొట్టిలో దించబోతే నడుం పట్టేసింది. పైనుంచి లుట్‌గార్ట్, "ఏమయ్యా, ఏం తగలేస్తున్నావు?" అని కేకేసింది. మూడు నెలల్లో ఆమె గొంతు అంత గట్టిగా వినబడడం అదే మొదలు. ఓడీల్ నడుం పట్టుకుని సంతోషించాడు.

పక్కింటి హోర్టెన్స్ పిన్ని ఆవాల ముద్ద సీసాలో ఈస్ట్ పట్టుకొచ్చింది. ఎనభై రెండేళ్ళ మనిషి, ఊరందరికీ పిన్నే. వాళ్ళ నాన్నకి ఒకప్పుడు బీరు బట్టీ ఉండేది.

"చల్లారాక ఇది పోసి మూత పెట్టు. పెట్టాక మళ్ళీ తియ్యకు. ఇందులో ఉన్న విద్యంతా అదేరా."

"అంతేనా పిన్నీ?"

"నీకు అదే ఎక్కువ."

రెండోరోజుకి, బీరు పోసిన డ్రమ్ము మూతకి బిగించిన గొట్టంలో 'బుడుక్' మంది. సాయంత్రానికి బుడుక్ బుడుక్. మూడోరోజు తెల్లారి పాల సీసా తీసుకోవడానికి తలుపు తీసిన ఓడీల్, అలవాటుగా అడుగేసి తులిప్ మొక్కల్లో పడ్డాడు. ఇల్లు మోకాలెత్తు లేచింది.

రీట్‌డైక్‌లో ఏది పులిసినా ఇల్లు లేస్తుంది. రొట్టెల దుకాణం తెల్లవారుజామున జానెడు లేచి, పిండి బట్టీలోకి వెళ్ళాక దిగుతుంది. ముసలివాళ్ళు స్టూలు తెచ్చుకుంటారు. క్యాబేజీ ఊరబెట్టే రోజుల్లో ఫాదర్ గారి ఇల్లు ఒక పక్కకి ఒరుగుతుంది. కానీ ఆ ఊళ్ళో ఎవరైనా గట్టి ట్రిపెల్ చేసి చాలా ఏళ్ళయింది. ఓడీల్ ఇల్లు నాలుగోరోజుకి తలెత్తు లేచింది. పోస్టుమాన్ ఉత్తరాలని బుట్టలో వేసి, తాడు లాగమన్నాడు. అన్నెలేన్ నిచ్చెన ఎక్కుతూ, "రేపటినుంచి ప్యాంటు వేసుకొస్తాలెండి," అంది.

ఐదోరోజు ఓడీల్ పళ్ళెం పట్టుకుని పైకెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

లుట్‌గార్ట్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. రెండు చేతులా చట్రాన్ని పట్టుకుంది. కాళ్ళు గాలికి బట్టల్లా వణుకుతున్నాయి. కట్ట పైఅంచు కిటికీ కిందికి వెళ్ళిపోయింది. దాని అవతల బూడిదరంగు నీళ్ళు, నీళ్ళ మీద పొడవాటి పడవ.

పడుకుంటే ఆమెకి పడవ పైకప్పు కనబడిందట. కూర్చుంటే కిటికీలు కనబడ్డాయట. కానీ పడవల్లో పుట్టినవాళ్ళు, అది నీళ్ళలో ఎంత లోతుకి దిగిందో చూడందే ఊరుకోలేరు. అది చూడాలంటే నిలబడాలి.

"ఇసుక," అంది వెనక్కి తిరగకుండానే. "నిండా వేశారు. ముందువైపు బరువెక్కువైంది. వెధవలు."

ఓడీల్ పళ్ళేన్ని కిటికీ గట్టు మీద పెట్టాడు. ఆ పూట రొట్టె మొత్తం ఆమే తింది.

ఆ తర్వాత రోజూ నిలబడింది. పడవ వెళ్ళేదాకా ఒక కిటికీ దగ్గర, తర్వాత గోడ పట్టుకుని రెండో కిటికీ దగ్గర. ఇల్లు రెండు నిలువుల ఎత్తున ఆగింది. తొమ్మిదోరోజు బుడుకులు పలచబడ్డాయి. ఇల్లు ఒక జానెడు కిందికి దిగింది.

ఓడీల్ గుండె కూడా అంతే దిగింది. పటికబెల్లం కరిగించి, మూత తీసి, డ్రమ్ములో పోశాడు. ఇల్లు లేచింది. మూడురోజుల తర్వాత మళ్ళీ పోశాడు. మళ్ళీ లేచింది, కాకపోతే ముసలి గుర్రంలా మూలుగుతూ లేచింది.

"బయటికి వెళ్ళాలనుందయ్యా," అంది లుట్‌గార్ట్ ఒకరోజు. వీధి తలుపుదాకా మెట్లు దిగి వచ్చేసింది. తలుపు తీసి, కింద తులిప్ మొక్కల్ని చూసి, నిచ్చెన కేసి చూసి, మెల్లిగా తలుపు వేసింది.

"రేపు చూద్దాంలే," అన్నాడు ఓడీల్. ఆ రేపు కోసం సంచిలో ఇంకా అరకిలో పటికబెల్లం ఉంది.

అది కరిగిస్తుంటే కింద నుంచి కేక వినబడింది. "ఒరేయ్ ఓడీల్! ఏం పోస్తున్నావురా అందులో?"

వంటింటి కిటికీలోంచి తల బయటపెట్టాడు. హోర్టెన్స్ పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"కొంచెం తీపి, పిన్నీ."

"వీధి చివరిదాకా వాసనొస్తోంది. ఈస్టుకీ ప్రాణం ఉంటుందిరా. మోయగలిగినంతే మోస్తుంది. ఇంకోసారి పోశావంటే అది చస్తుంది, ఇల్లు ధబాలున పడుతుంది."

"దిగితే మళ్ళీ గడ్డే కనబడుతుంది. మళ్ళీ గోడవైపు తిరుగుతుంది. నిలబడుతోంది పిన్నీ. నీకు తెలీదు. నిలబడుతోంది."

హోర్టెన్స్ పిన్ని పైగది కిటికీ కేసి తలెత్తింది.

"తెలుసు. రోజూ కనబడుతోంది కిటికీలో. నిన్న సాయంత్రం కూడా కనబడింది, కిందికి చూస్తోంది. నది వైపు కాదురా, నిచ్చెన వైపు."

ఓడీల్ పొయ్యి ఆర్పాడు. పటికబెల్లం పాకం గిన్నెని బుట్టలో పెట్టి, తాడుతో కిందికి దించాడు. పిన్ని వేలితో నాకి చూసి, ఇంటికి పట్టుకెళ్ళిపోయింది.

ఇల్లు దిగడానికి నాలుగురోజులు పట్టింది. శనివారం మధ్యాహ్నం తులిప్‌ల మీద ఆనింది. ఆ సాయంత్రం బీరు సీసాల్లోకి ఎక్కించారు. హోర్టెన్స్ పిన్ని అడుగున మిగిలింది ఒక గుక్క తాగి, "ట్రాముకి రాసే నూనెలా ఉంది. కానీ చావలేదు. ఎండాకాలానికి మనిషవుతుంది," అంది. ఓడీల్‌కి అంతకంటే మంచి సర్టిఫికెట్ జీవితంలో రాలేదు.

ఆదివారం ఏడింటికి కాఫీ, రొట్టె పట్టుకుని మెట్లెక్కాడు. పై మెట్టు దగ్గర ఆగిపోయాడు. లోపల గోడవైపు తిరిగిన వీపు కనబడుతుందని భయం. కళ్ళు మూసుకుని తలుపు తోశాడు.

మంచం ఖాళీ. కిటికీ నిండా గడ్డి. గడ్డిలో గొర్రెలు ఒకే వైపు తలతిప్పి చూస్తున్నాయి.

పళ్ళెం అక్కడే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా బయటికి పరిగెత్తాడు. కట్ట ఎక్కే సిమెంటు మెట్ల మీద, పన్నెండోదో పదమూడోదో, లుట్‌గార్ట్ కూర్చుని ఉంది. నైట్‌గౌను మీద అతని ట్రాము కోటు వేసుకుంది. ఒక చేతిలో చీపురు కర్ర.

"పట్టుకోనా?" అన్నాడు రొప్పుతూ.

"ముట్టుకున్నావంటే కర్రతో కొడతా."

లేచింది. ఒక కాలు, కర్ర, రెండో కాలు. ఓడీల్ వెనకే ఎక్కాడు, ఆమె పడితే పట్టుకుందామని. సగం దూరం వెళ్ళేసరికి అతనికే ఊపిరి అందక, రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాడు. లుట్‌గార్ట్ వెనక్కి తిరిగి చూసింది.

"మూడు నెలలు మంచం మీద ఉన్నది నేనా, నువ్వా?"

"ఆ మిగిలిన రొట్టెల పాపమే ఇదంతా."

"కూర్చో అక్కడే. నేను వెళ్ళొస్తా."

కూర్చున్నాడు. మంచు తడికి మెట్టు చల్లగా ఉంది. ఆమె పాత స్లిప్పర్లు ఒక్కో మెట్టే పైకి పోవడం చూస్తూ ఉండిపోయాడు. అక్కడినుంచి నది కనబడదు. కట్ట మీద, ఆకాశానికి ఆనుకుని, తన కోటు వేసుకున్న ఆమె వీపే కనబడింది.

ఆ వీపు కాసేపు కదల్లేదు. తర్వాత లుట్‌గార్ట్ కర్రని గడ్డిలో పడేసి, చెయ్యి పైకెత్తి ఊపింది.

కట్ట అవతల నుంచి, కనబడని పడవ ఒకటి రెండుసార్లు కూత పెట్టింది.