బానెట్ కింది నీలం

వేలికి నీలం అంటుకుంది.

ఇంకా ఆరలేదు.

కళింగపట్నంలో ఆ వీధికి ఎప్పుడూ ఎండుచేపల వాసనే. ఈ పూట దాని మీదికి రంగు వాసన ఎక్కింది. పెరట్లో తిరగేసిన చేపల గంప. గంప మీద, కారు ఇంజిన్‌ని కప్పే ప్లాస్టిక్ మూత. దాని ముందు ఉష, గొంతుక్కూర్చుని. వేలిని నైటీ అంచుకి తుడుచుకుంది. అంచుకీ నీలమే.

మూత సగం నీలం. సగం తెలుపు.

సందులో కారు బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. ఉష మొగుడు వెంకీ కొన్న పాత కారు. రేపటి నుంచి అతను శ్రీకాకుళం రోడ్డు మీద ఆ కారు బాడుగకి తిప్పుకుంటాడు. చేపల వేటకి వెళ్లడు. పడవని అదే వీధిలో ఉండే దాలయ్య తీసుకుంటాడు.

ఇవాళ్టిది ఆఖరి వేట.

ఆఖరి వేట... పొద్దున్నదాకా ఆ మాట ఆమెకి ఎంత తియ్యగా ఉందో!

నిన్న సాయంత్రం ఒడ్డున చూసింది అతన్ని. నలుగురిలో పెళ్లాం భుజం మీద ఏనాడూ చెయ్యి వేయని మనిషి, పడవ మీద చెయ్యి వేసి ఎంతసేపు నిలబడ్డాడని. ఉషకి నవ్వొచ్చింది. తర్వాత జాలేసింది. అటక మీద పడవకి వేయగా మిగిలిన రంగు డబ్బా ఉన్నట్టు గుర్తొచ్చింది. కారు మూతకి ఆ నీలం వేస్తే... బానెట్ ఎత్తినప్పుడల్లా అతని పడవ అతనికి కనిపిస్తుంది.

అంతే. అంతకన్నా ఏమీ అనుకోలేదు.

అతను చీకటితోనే పడవెక్కాడు. ఆమె మూత ఊడదీసింది. ఫోన్‌లో వీడియో చూస్తూ అన్నీ పద్ధతిగా చేసింది. సబ్బుతో జిడ్డు కడిగింది. నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్దింది. ప్లాస్టిక్‌కని అమ్మే తెల్ల ప్రైమర్ వేసింది. ఆరనిచ్చింది. ఆ పైన నీలం, పల్చగా. ఇంజిన్ వేడికి ఈ రంగు నిలుస్తుందా, పొక్కులొస్తాయా — అప్పటికి ఆమె భయమల్లా అదే.

ఎంత చిన్న భయం!

సగం వేసిందో లేదో, ఒడ్డున చేపలు ఆరబెట్టి అత్త బుల్లమ్మ వచ్చింది. మూత చూసింది. డబ్బా చూసింది. మొహం మారిపోయింది.

"బోటు నీటి మీదుండగా దాని రంగు ఇంకోదానికి ముట్టించకూడదే," అంది.

అరవలేదు. తిట్టలేదు. వెళ్లి వీధి అరుగు మీద కూర్చుంది, సముద్రం వైపు తిరిగి. తిట్టినా బాగుండేదనిపించింది ఉషకి.

ఆమెకేం తెలుసు! చీపురుపల్లి వైపు పిల్ల. వరి చేల మధ్య పెరిగింది. వెంకీని ఇష్టపడి ఈ ఒడ్డుకి వచ్చింది. పొలానికి ఏది చెడుపో తెలుసు. నీళ్లకి ఏది చెడుపో ఎవరూ చెప్పలేదు.

గాలి తిరిగింది.

పొద్దుటి గాలి కాదు. సముద్రం మీది నుంచి, తడిగా, ఇసకని ఎత్తుకొస్తూ. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర అలలు లేస్తున్నాయని వీధిలో ఎవరో అంటున్నారు. పడవలు లోపలికి రావాల్సింది ఆ మొగలోంచే.

ఒక్కొక్కటీ వచ్చేస్తున్నాయి. పసుపుది వచ్చింది. ఎర్రది వచ్చింది. పక్కింటి సోములు పడవ కూడా వచ్చింది. ఆఖరి రోజు కదా అని వెంకీ ఇంకాస్త లోపలికి వెళ్లాడని సోములే చెప్పాడు, గుమ్మం దగ్గర నిలబడి, కళ్లు కలపకుండా.

ఫోన్ చేసింది. అందుబాటులో లేడు. మళ్లీ చేసింది... లేడు.

వేలితో తాకింది. ఆరలేదు.

తుడిచేస్తే? కిరసనాయిలు సీసా తెచ్చింది. పాత గుడ్డ తడిపింది. తప్పు చేసిన చెయ్యే దిద్దుకుంటే సరిపోదా? గుడ్డ మూత దాకా వెళ్లింది.

ఆగిపోయింది.

పడవ నీళ్ల మీద ఉండగా, దాని రంగు తుడవడం.

పుయ్యడం తప్పయితే, తుడవడం ఇంకెంత తప్పు? ఎవర్ని అడగాలి? అడగాల్సిన మనిషి అరుగు మీద, వీపు ఇటు పెట్టి.

గాలి... ఇసక... సగం నీలం, సగం తెలుపు.

బుల్లమ్మ ఎప్పుడు వచ్చిందో. కోడలి చేతిలోంచి గుడ్డ లాక్కుని గోడవతలకి విసిరేసింది. కింద చతికిలబడింది. బ్రష్ అందుకుంది.

"సగంలో ఒగ్గీకే," అంది. "సగం రంగేసిన బోటుని ఎవులైనా నీటిలో దించుతారేటి?"

వేసింది. పడవకి వేసినట్టే, ఒకే వైపుకి, ముందు నుంచి వెనక్కి. పెద్ద చెయ్యి, అలవాటైన చెయ్యి. ఉష డబ్బా వంచి పట్టుకుంది. అడుగున ఉన్నదంతా బ్రష్‌కి ఎక్కింది. తెలుపు పోయింది. డబ్బా ఖాళీ అయింది.

"ఆడొచ్చి బిగించుకుంటాడు," అంది బుల్లమ్మ. మూతతోనే చెబుతున్నట్టు అంది.

ఇసక రేగింది. తడి రంగు మీద పడితే అంతా పాడు. ఇద్దరూ జరిగి, మూతకి అడ్డంగా, భుజం భుజం ఆనించి కూర్చున్నారు. గాలికి వీపు పెట్టారు.

గాలికి వీపు పెట్టడమంటే, సముద్రానికి వీపు పెట్టడమే.

ఎక్కడో మోటారు చప్పుడు. పడవదో... రోడ్డు మీద ఆటోదో. దగ్గరవుతోంది. ఆగింది. మళ్లీ వినిపించింది.

ఉష లేవబోయింది. అత్త చెయ్యి ఆమె మోకాలి మీద పడింది, గట్టిగా. లేస్తే ఇసక పడుతుంది. తిరిగి చూస్తే... ఏం కనిపిస్తుందో ఇద్దరికీ తెలియదు.

తిరగలేదు.

చప్పుడు వింటూ, ఉష మెల్లగా మూత అంచుని తాకింది.

వేలికి నీలం అంటుకుంది.