న్యూజెర్సీలో చెల్లిన కాగితం

భీమశంకరం కాగితాల మనిషి. ప్లెయిన్స్‌బరో దగ్గర ఒక మందుల కంపెనీలో ఇరవై రెండేళ్ళు క్వాలిటీ విభాగంలో పనిచేశాడు. యంత్రం కడిగామని ఎవరైనా నోటిమాటగా చెబితే ఒప్పుకునేవాడు కాదు. తేదీ, సంతకం ఉన్న కాగితం చూపించాల్సిందే. ఇంట్లో కూడా అంతే. పద్మజ కొన్న మిక్సీ గ్యారంటీ కార్డు పదేళ్ళ తర్వాత అడిగినా రెండు నిమిషాల్లో తీసిచ్చేవాడు.

ఆయనకు ఒకటే సరదా. శనివారం ఉదయం షూటింగ్ క్లబ్‌కి వెళ్ళి కాగితం మీద గీసిన గుండ్రాలను కాల్చడం. ఆఫీస్‌లో ఒక అమెరికన్ స్నేహితుడు అలవాటు చేశాడు. న్యూజెర్సీలో పిస్టల్ కొనాలంటే పోలీసుల దగ్గర పర్మిట్ తీసుకోవాలి, వేలిముద్రలివ్వాలి, మన గురించి మంచిగా చెప్పే ఇద్దరి పేర్లివ్వాలి. అవన్నీ ఓపిగ్గా చేసి కొనుక్కున్నాడు. పద్మజ మొదట్లో గొడవపడింది. తర్వాత, "అందరి మొగుళ్ళూ గోల్ఫ్‌కి పోతారు, మా ఆయన దీనికి పోతాడు" అని నవ్వేది.

పద్మజ కాన్సర్‌తో పోయింది. ఆరు నెలలు తిరక్కుండానే కంపెనీ ఆ ప్లాంటు మూసేసింది. భీమశంకరానికి అప్పుడు యాభై తొమ్మిది. నాలుగైదు ఇంటర్వ్యూలకు వెళ్ళాడు, తర్వాత వెళ్ళడం మానేశాడు. క్లబ్‌కి కూడా పోవడం లేదు. ఒక్కగానొక్క కూతురు రాగిణికి జెర్సీ సిటీలో ఉద్యోగం. ప్రతి ఆదివారం వచ్చి వారానికి సరిపడా కూరలు వండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్ళేది. మరుసటి ఆదివారానికి సగం అలాగే ఉండేవి.

మార్చిలో ఒక ఆదివారం భోజనాల బల్ల మీద ఆమెకు ఒక నీలం ఫైలు కనిపించింది. పైన "రాగిణి కోసం" అని రాసి ఉంది. ఇన్సూరెన్స్ కాగితాలు, పాస్‌వర్డులు, కారు టైటిల్ పత్రం, ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌కి ఫిల్టర్ ఏ నెలలో మార్చాలి, అన్నీ వరుసగా. చివరి పేజీలో పురోహితుడి ఫోన్ నంబరు.

"నాన్నా, ఏంటిది?"

"ఎప్పటికైనా కావాల్సిందే కదమ్మా. ఇప్పుడే చేసి పెడితే నీకు ఇబ్బంది ఉండదు."

ఆ గొంతులో దిగులు లేదు. పని ముగించిన మనిషి నిమ్మళం ఉంది. రాగిణికి భయం వేసింది అందుకే.

మరునాడు ఆమె కోర్టుకు వెళ్ళింది. తనవల్ల తనకో, ఇతరులకో ప్రమాదం ఉన్న మనిషి దగ్గర తుపాకి ఉంటే, ఇంట్లోవాళ్ళు అడిగినప్పుడు దాన్ని తీసుకునే అధికారం ఆ రాష్ట్రంలో కోర్టుకు ఉంది. జడ్జి ఆమె చెప్పింది విని అదే రోజు తాత్కాలిక ఆర్డరిచ్చాడు. మధ్యాహ్నం ఇద్దరు పోలీసులు వెళ్ళి పిస్టల్, పర్మిట్ కార్డు తీసుకున్నారు. భీమశంకరం వాళ్ళకు మంచినీళ్ళిచ్చాడు, రసీదు అడిగి తీసుకున్నాడు.

పది రోజులకు విచారణ. "మీరేమైనా చెప్పాలా?" అని జడ్జి అడిగితే ఆయన లేచి నిలబడ్డాడు.

"మా అమ్మాయి అబద్ధం రాయదు, యువర్ ఆనర్."

అంతే. ఆర్డర్ ఖాయమైంది. బయట పార్కింగ్ లాట్‌లో రాగిణి కారు తలుపు తీసి పట్టుకుంది.

"మీరు ఆఫీస్‌కి వెళ్ళాలేమో. నేను ఉబర్ బుక్ చేసుకుంటాను," అన్నాడాయన.

రాగిణి పుట్టి పెరిగింది ఇక్కడే. ఆమె తెలుగులో లింగాలు, వచనాలు తారుమారవుతుంటాయి. కానీ ఆ "మీరు" ఆమెకు స్పష్టంగా అర్థమైంది. ఇరవై తొమ్మిదేళ్ళలో నాన్న ఆమెను మీరు అనడం అదే మొదటిసారి. ఆ తర్వాత నువ్వు అననేలేదు.

ఆ మీరుతోనే ఏడాది గడిచింది. కౌన్సిలింగ్‌కు మూడుసార్లు వెళ్ళాడు, ఇక చాలన్నాడు. ఆదివారాలు ఆమె వండుతుంటే ఆయన వరండాలో కూర్చునేవాడు. అయినా బతికున్నాడు. రాగిణి రోజూ ఉదయం ఫోన్ చేసి, ఆయన హలో అనగానే ఊపిరి పీల్చుకునేది.

ఆ మే నెలలో టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి సత్యం ఫోన్ చేశాడు. సత్యం, భీమశంకరం అమెరికా వచ్చిన కొత్తలో ప్లెయిన్స్‌బరోలో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉన్నారు. ఒకరిది వరంగల్, ఒకరిది కాకినాడ. భాష మీద పోట్లాడుకుంటూనే అన్నదమ్ముల్లా అయిపోయారు. "ఆ ఖాళీ ఇంట్ల ఒక్కడివే ఏం జేస్తవ్‌రా? కింద రూం ఖాళీగ ఉంది. వచ్చెయ్," అన్నాడు.

భీమశంకరం ఇల్లు అద్దెకిచ్చి వెళ్ళిపోయాడు. రాగిణికి గుండెల మీద బరువు దిగినట్టయింది. నాన్న ఒంటరిగా ఉండడు, సత్యం భార్య పద్మ ఆంటీ వేళకు అన్నం పెడుతుంది. ఆంటీతో ఫోన్‌లో, "నాన్న కొంచెం డల్‌గా ఉంటున్నారు, చూసుకోండి," అని మాత్రం చెప్పింది. కోర్టు సంగతి చెప్పలేదు. తండ్రిని కోర్టుకెక్కించానని ఏ నోటితో చెప్పడం? పైగా ఆర్డర్ ఉంది కదా అనుకుంది. జడ్జి సంతకం పెట్టిన కాగితం దేశమంతా చెల్లుతుందని ఆమె నమ్మకం.

అక్టోబర్‌లో ఒక సోమవారం పద్మ ఫోన్ చేసింది. మాటల్లో మాటగా, "మీ నాన్న ఇప్పుడు హుషారుగా ఉన్నడమ్మా. శనివారం శనివారం మీ అంకుల్, ఆయన షూటింగ్ రేంజ్‌కి పోతున్నరు. కొత్త పిస్టల్ కూడా కొనుక్కున్నడు," అంది.

రాగిణి ఆఫీస్ మెట్ల మీదకు వచ్చేసింది. వెంటనే ఫ్రిస్కో పోలీసులకు ఫోన్ చేసింది. ఎవరో ఆఫీసర్, మర్యాదస్తుడు, అంతా విన్నాడు. ఆర్డర్ కాపీ ఈమెయిల్‌లో తెప్పించుకుని చదివి మళ్ళీ ఫోన్ చేశాడు.

"మేడమ్, ఇది న్యూజెర్సీ ఆర్డర్. టెక్సస్‌లో ఇలాంటి చట్టం లేదు. మొన్న సెప్టెంబర్ నుంచి వేరే రాష్ట్రం ఆర్డర్‌ను ఇక్కడ అమలు చేస్తే నాదే నేరమవుతుంది. నేను చేయగలిగింది ఒకటే, వెళ్ళి ఎలా ఉన్నారో చూసి రావడం."

"మరి తుపాకి అమ్మేముందు ఫెడరల్ ప్రభుత్వం చెక్ ఉంటుంది కదా? అందులో ఎందుకు ఆగలేదు?"

"వాళ్ళు ఫెడరల్ చట్టం వద్దన్నవాళ్ళనీ, ఇక్కడి చట్టం వద్దన్నవాళ్ళనీ ఆపుతారు. మీ నాన్నగారు ఆ రెండింటిలోనూ లేరు. ఐయామ్ సారీ."

ఆ సాయంత్రం ఆఫీసర్ వెళ్ళాడు. భీమశంకరం ఆయన్ను హాల్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడు, అడిగినవాటన్నిటికీ చక్కగా జవాబు చెప్పాడు. ఆఫీసర్ కార్డు ఇచ్చి వెళ్ళిపోయాడు.

రాగిణి సత్యానికి ఫోన్ చేసి ఏడుస్తూ మొత్తం చెప్పేసింది. ఫైలు, కోర్టు, ఆర్డర్.

"ఇంటికి పోలీసులను పంపితివా బిడ్డా? పక్కింటోళ్ళంతా చూసిన్రు. మీ నాన్న ఇప్పుడిప్పుడే నవ్వుతున్నడు."

"అంకుల్ ప్లీజ్, అది ఆయన దగ్గర నుంచి తీసేసుకోండి. నేను శుక్రవారం వస్తున్నాను, టికెట్ బుక్ చేశాను."

"నువ్వు రా. నేను చూసుకుంట."

గురువారం ఉదయం భీమశంకరం ఎప్పటిలాగే చెరువు పక్క పార్కుకు నడకకు వెళ్ళాడు. తిరిగి రాలేదు. పదకొండు గంటలకు సత్యం ఇంటి బెల్ మోగింది. సోమవారం వచ్చిన ఆఫీసరే. టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

రాగిణి శుక్రవారం టికెట్టుతోనే వచ్చింది.

అంత్యక్రియలకు ముప్ఫై మంది దాకా వచ్చారు. హార్ట్ ఎటాక్ అనుకున్నవాళ్ళు కొందరు, తెలిసీ అలాగే అన్నవాళ్ళు కొందరు. ఫ్యునరల్ హోమ్‌లో దహనయంత్రం బటన్ నొక్కాల్సింది రాగిణి. చెయ్యి లేవలేదు. పద్మ ఆమె చేతి మీద తన చెయ్యి వేసింది.

మరునాడు పోలీస్ స్టేషన్‌లో ఒక పెద్దావిడ కేసు వివరాలు చెప్పింది. దర్యాప్తు ముగిశాక పిస్టల్ వారసులకు వస్తుందట.

"వారసులంటే మీరే. మీరు న్యూజెర్సీలో ఉంటారు కాబట్టి అక్కడి రూల్స్ వేరే ఉంటాయి. కనుక్కోవాలి."

"నాకు వద్దు."

"అయితే వద్దని రాసివ్వండి. మేము చూసుకుంటాం."

రాగిణి రాసిచ్చింది. తేదీ వేయడం మరిచిపోతే ఆవిడ గుర్తుచేసింది.

ఇంటికి వచ్చేసరికి సత్యం వెనక పెరట్లో కూర్చుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో మనిషి సగమైపోయాడు. రాగిణి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఆ షాపుకు నేనే తీస్కపోయిన బిడ్డా," అన్నాడు సత్యం. "ఒక్కడే ఉండి దిగాలు పడుతున్నడు, పాత సరదా ఉంటది గద అనుకున్న. ఆడ ఒక ఫారం ఇచ్చిన్రు. మీ నాన్న సంగతి నీకు తెల్సు గద. ఒక్కో ప్రశ్న రెండుసార్లు చదివిండు. కోర్టు ఆర్డర్ ఏమన్న ఉందా అని ఒక ప్రశ్న. ఆడ ఆగిండు. కౌంటర్‌ల పిల్లగాణ్ణి పిలిచి అడిగిండు, నా మీద న్యూజెర్సీల ఇట్లాంటి ఆర్డర్ ఒకటి ఉంది, ఇది ఈ ప్రశ్న కిందికి వస్తదా అని."

రాగిణి తలెత్తి చూసింది. "ఆయనే అడిగారా?"

"ఆయనే. ఆ పిల్లగాడు చదివి చూసి, ఇది భార్యను గాని, పిల్లలను గాని బెదిరించినోళ్ళ గురించి సార్, మీరు బెదిరించిన్రా అన్నడు. లేదన్నడు మీ నాన్న. అయితే నో అని పెట్టండి అన్నడు. పిచ్చాస్పత్రిల పెట్టిన్రా? లేదు. జైలు? లేదు. పది నిమిషాలల్ల కంప్యూటర్‌ల ఓకే అని వచ్చింది."

నాన్న ఆ ఫారం మీద ఒక్క అబద్ధం కూడా రాయలేదు. రాగిణికి ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అబద్ధమాడి కొనుక్కున్నాడంటే ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చు. ఇప్పుడు ఎవరి మీద తెచ్చుకోవాలి?

"కారెక్కినంక అడిగిన, ఏం ఆర్డర్‌రా అది అని. అమ్మాయి ఏదో పెట్టిందిలే, నా మీద ప్రేమెక్కువ దానికి అన్నడు. ఇద్దరం నవ్వుకున్నం." సత్యం ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "నేను గట్టిగ అడగలే బిడ్డా. సోమవారం నువ్వు తీసెయ్యమంటే కూడ తియ్యలే. దోస్తు అల్మారల చెయ్యి పెట్టాల్నా అని సిగ్గైంది. నువ్వొచ్చినంక మాట్లాడుదాం అనుకున్న."

"నేను మే నెలలోనే మీకు చెప్పాల్సింది అంకుల్. నాకూ సిగ్గేసింది."

పద్మ రెండుసార్లు అన్నానికి పిలిచి, ఆఖరికి తనూ వచ్చి వాళ్ళ పక్కన కూర్చుంది.

న్యూజెర్సీ వచ్చాక, ఇలాంటి ఆర్డర్లు దేశమంతా చెల్లాలని, ఆ ఫారంలో వాటి గురించి కూడా అడగాలని రాగిణి ఉత్తరాలు రాసింది. తమ కాంగ్రెస్‌మన్ ఆఫీసు నుంచి జవాబొచ్చింది. సంతాపం తెలియజేస్తూ, ఇలాంటి ఆర్డర్లు రాష్ట్రాల పరిధిలోనివని, టెక్సస్ ప్రతినిధులను సంప్రదించమని ఉంది. టెక్సస్ శాసనసభలో ఫ్రిస్కో వైపు సభ్యుడి ఆఫీసుకు సత్యం స్వయంగా వెళ్ళాడు. అక్కడ ఒక అమ్మాయి శ్రద్ధగా నోట్స్ రాసుకుంది. చివర్లో, ఫారంలో ప్రశ్న మార్చడం తమ చేతిలో లేదని, అది ఫెడరల్ విషయమని చెప్పింది. సత్యం బయటికొచ్చి, కారులోంచే రాగిణికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం సత్యమే ఫోన్ చేస్తాడు. ఏం తిన్నావు, ఆడ చలెంత ఉంది అని అడుగుతాడు. భీమశంకరం పేరు ఇద్దరూ ఎత్తరు. ఒక్కోసారి మాట మధ్యలో సత్యం ఆగిపోతాడు. తన ఏడుపు వినిపించకుండా ఫోన్ పక్కకు పెట్టాడని రాగిణికి తెలుస్తుంది. ఆమె పెట్టేయదు. ఆయన మళ్ళీ వచ్చి "ఆఁ బిడ్డా, చెప్పు" అనేదాకా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని కూర్చుంటుంది.